నాన్న కంప్యూటర్ తెల్లారేసరికి విండోస్ 11 అయిపోయింది. వెనక్కి తేవడం, మళ్ళీ రాకుండా ఆపడం ఎలా?

గంటస్తంభం | నవంబర్ 8, 2025, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మానాన్నలు విజయనగరంలో ఉంటారు. నాన్నది డీటీపీ పని. షాపు ఎత్తేసి ఐదేళ్ళయింది, ఇప్పుడు ఇంట్లోనే చేస్తున్నారు. శుభలేఖలు, గృహప్రవేశాల కార్డులు, పెద్దకర్మ కార్డులు, వీధి చివర గుడివాళ్ళ కరపత్రాలు.

2019లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఐ3 ఎనిమిదో తరం, 8 జీబీ ర్యామ్, విండోస్ 10 హోమ్. అందులో పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగ్‌కి ఒక పాత సాఫ్ట్‌వేర్, దానికి తాళంచెవిలా గుచ్చే ఒక యూఎస్‌బీ డాంగిల్, ఒక ముసలి లేజర్ ప్రింటర్. ఆ నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఎలాగో నడుస్తున్నాయి. అందుకే నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు.

మంగళవారం పొద్దున్న ఫోన్. "ఒరే, మన కంప్యూటర్లో ఎవడో దూరాడ్రా. స్టార్ట్ బటన్ మధ్యలోకి తెచ్చి పెట్టాడు." చూస్తే విండోస్ 11. డాంగిల్‌లో లైటు వెలగడం లేదు. తెలుగు కొడితే గజిబిజి అక్షరాలు పడుతున్నాయి. కార్తీకమాసం ముహూర్తాలు, మూడు పెళ్ళిళ్ళ కార్డులు చేతిలో ఉన్నాయి. దగ్గర్లో ఒకతన్ని పిలిస్తే "ఫార్మాట్ కొట్టి పది వేస్తాను, 800 ఇవ్వండి" అన్నాడట. ఆగమన్నాను. ఏం చెయ్యాలి?

చీపురుపల్లి_సర్వీస్ | రాత్రి 9.52

ఫార్మాట్ చెయ్యనివ్వకండి. ముందు ఒకటి చెప్పండి, సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందా? ఉంటే మీ పాత విండోస్ మొత్తం అందులోనే పడుంది. మారిన రోజు నుంచి పది రోజులే ఉంటుంది, ఆ తర్వాత సిస్టమే చెరిపేస్తుంది. డిస్క్ క్లీనప్పు, స్టోరేజ్ సెన్సు, "సి డ్రైవ్ నిండిపోయింది, ఖాళీ చేసి పెడతాను" అనే బావమరిది, ఎవర్నీ దాని జోలికి రానివ్వద్దు.

పలాస_జీడిపప్పు | రాత్రి 10.05

ఏటండీ బాబూ ఈ అన్యాయం. మన డబ్బులెట్టి కొనుక్కున్న డబ్బా, మనింట్లో మన కరెంటు కాల్చుకుని, మనం తొంగున్నప్పుడు మార్చీసి ఎల్లిపోతారా? తిత్లీ తుఫానుకైనా ముందుగాల మైకులో సెప్పినారు. నానైతే రెండేళ్ళ కిందటే సర్వీసెస్‌లోకెల్లి అప్‌డేట్ పీక నొక్కీసినాను. జీడిపిక్కల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పటికేటీ అవలేదు.

రాజాం_కుర్రోడు | రాత్రి 10.11

అన్నా 11 బానే ఉంటుంది కదా, వారం వాడితే అలవాటైపోతుంది. డాంగిల్‌కి కొత్త డ్రైవర్ వేసుకుంటే సరి.

గంటస్తంభం | రాత్రి 10.20

తమ్ముడూ, ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినాయన ఇప్పుడు షాపు తీసేసి టిఫిన్ సెంటర్ పెట్టుకున్నాడు. కొత్త డ్రైవర్ ఎవర్ని అడగను? ఇక పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని తర్వాత ఇంకోటి రాలేదు. నువ్వు పుట్టావా అప్పటికి?

చీపురుపల్లి అన్నా, ఫోల్డర్ ఉంది. నాన్న వీడియో కాల్‌లో చూపించారు. చూపిస్తూ "ఇది పాతది కదా, తీసేయమంటావా" అన్నారు. గుండె ఆగింది.

రాజాం_కుర్రోడు | రాత్రి 10.22

పుట్టలేదన్నా. సారీ.

నాగావళి_ఒడ్డు | రాత్రి 10.48

శ్రీకాకుళంలో జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెప్తాను, ల్యాబ్ కూడా నా నెత్తినే ఉంటుంది కాబట్టి ఈ బాధ నాకు కొత్త కాదు.

మంగళవారం మారింది, ఈ రోజు శనివారం. టైముంది కానీ ఆలస్యం చెయ్యకండి. రేపు మీరే విజయనగరం వెళ్ళండి, ఫోన్లో చెప్పి చేయించే పని కాదు. వెళ్ళగానే ముందు నాన్నగారి ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్‌డిస్క్‌లోకో కాపీ చెయ్యండి. వెనక్కి వెళ్ళేటప్పుడు సొంత ఫైళ్ళు మామూలుగా పోవు, అయినా ఇన్నేళ్ళ కార్డులు "మామూలుగా" అన్న మాట మీద ఒదిలెయ్యకూడదు. మంగళవారం తర్వాత కొత్తగా ఏమైనా ప్రోగ్రాములు ఎక్కిస్తే అవి మాత్రం పోతాయి.

తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ. అందులో గో బ్యాక్ అనే బటన్ ఉంటుంది. ఎందుకు వెళ్తున్నారని అడుగుతుంది, ఏదో ఒకటి నొక్కండి. వెళ్ళే ముందు అప్‌డేట్లు వెతకమంటారా అంటుంది, వద్దనండి. పాత పాస్‌వర్డ్ గుర్తుందా అంటుంది. ఇది సరదాకి అడగడం కాదు, విండోస్ 10లో ఏ పాస్‌వర్డ్ ఉండేదో అదే కావాలి.

మధ్యలో కరెంటు పోకూడదు. యూపీఎస్ బ్యాటరీ ఎలా ఉందో చూసుకోండి. లేకపోతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసి మొదలెట్టండి, అది మీ వీధిలో ఎప్పుడో మీకే తెలియాలి.

చీపురుపల్లి_సర్వీస్ | రాత్రి 10.55

మేడమ్ చెప్పింది కరెక్ట్. ఇంకోటి. రేపు కుదరకపోతే ఆ పది రోజుల్ని అరవై దాకా పొడిగించే కమాండ్ ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిజ్మ్ (డీఐఎస్ఎం) అనే విండోస్ పనిముట్టుతో సెట్ ఓఎస్ అన్‌ఇన్‌స్టాల్ విండో వేల్యూ 60 ఇవ్వాలి. పది రోజులు దాటాక ఇది కూడా పనికిరాదు, చెరిగిపోయిన ఫోల్డర్ తిరిగి రాదు.

అన్నట్టు అడగడం మరిచిపోయాను. నాన్నగారు ఏమైనా నొక్కారా? 10 నుంచి 11కి ఇళ్ళల్లోని మిషన్లలో నాకు తెలిసి దానంతటది దూకదు. అడుగుతుంది. ఎన్నిసార్లయినా అడుగుతుంది. ఎక్కడో ఒకచోట "సరే" పడుంటుంది.

గంటస్తంభం | రాత్రి 11.15

అడిగాను. ముందు నేనేమీ నొక్కలేదన్నారు. అమ్మ వెనకనుంచి "ఆ నీలం బొమ్మొచ్చినప్పుడు నొక్కారుగా" అంది. అసలు సంగతేంటంటే, సోమవారం రాత్రి స్క్రీన్ నిండా ఏదో వచ్చిందట. పెద్ద నీలం బటన్ ఒకటి. కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉందట, కళ్ళజోడు లేదు. కార్డు ప్రూఫు పంపే తొందరలో ఉన్నదొక్కటే బటన్ అనుకుని నొక్కారు. తర్వాత "రాత్రికి రీస్టార్ట్ చేస్తాం" అంటే దానికీ సరే అన్నారు.

పలాస_జీడిపప్పు | రాత్రి 11.20

అదే మరి. ఒప్పుకునే బటను ఏనుగంత, ఒద్దనేది సీమంత.

బొబ్బిలి_మాస్టారు | నవంబర్ 9, ఉదయం 5.50

ఇది కొత్త విద్య కాదు నాయనా. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. 7, 8.1 ఉన్నవాళ్ళకి ఏడాది పాటు ఉచితం అన్నారు. గడియారం పక్కన తెల్లటి కిటికీ గుర్తొకటి వచ్చి కూర్చుంది, పొమ్మంటే పోయేది కాదు. 2016 మే నెలలో ఇంకో మెట్టెక్కారు. ఆ పెట్టె మూలన ఎర్ర ఇంటూ గుర్తు నొక్కితే మూసేసినట్టు కదా, వాళ్ళు మాత్రం చెప్పిన టైముకి అప్‌గ్రేడ్ చేసుకోవడానికి మీరు ఒప్పుకున్నట్టే లెక్క వేశారు. ప్రపంచమంతా గోల చేస్తే జూన్ చివర్లో దాన్ని మార్చి, "వద్దు" అనే మాట విడిగా పెట్టారు. అమెరికాలో కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ తన ఆఫీసు కంప్యూటర్ పాడైందని చిన్న తగాదాల కోర్టుకెక్కి 10,000 డాలర్లు రాబట్టుకుంది.

అప్పట్లో మా స్కూల్లో పది మిషన్లు. సెలవుల తర్వాత తలుపు తీస్తే మూడింటికి రూపం మారిపోయి ఉంది. ఆ రోజునుంచి నాకు ఈ కిటికీల మీద నమ్మకం పోయింది. ఇప్పుడు ఇంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్. రీస్టార్ట్ చెయ్యాలంటే నన్నడుగుతుంది, కాదంటే ఊరుకుంటుంది.

రాజాం_కుర్రోడు | ఉదయం 8.30

మాస్టారూ లినక్స్‌లో పేజ్‌మేకర్ రాదు కదా.

బొబ్బిలి_మాస్టారు | ఉదయం 8.41

రాదు. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ పెట్టి లాక్కురావచ్చు గానీ ఆ డాంగిల్‌తో బతిమాలుకోలేరు. వాళ్ళ నాన్నగారిని మారమనడం లేదు, నా సంగతి చెప్పానంతే. ఈ వయసులో ఆయనకి కొత్త కీబోర్డు లేఅవుటు నేర్పడం కన్నా పాత మిషన్ని కాపాడ్డమే సులువు.

నాగావళి_ఒడ్డు | ఉదయం 9.10

గంటస్తంభం గారు రైల్లో ఉంటారేమో, ఈలోపు రెండో సగం రాసి పెడతాను. వెనక్కి తెచ్చాక ఆపడం ఎలా అన్నది.

పలాస అన్నగారు అప్‌డేట్ సర్వీసు పీక నొక్కేశానన్నారు. అన్నా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, అది రెండు విధాల తప్పు. ఒకటి, అది నొక్కినా ఊరుకోదు. దాన్ని మళ్ళీ లేపడానికే విండోస్‌లో ఇంకో సర్వీసు పెట్టారు, దాని పేరులోనే వైద్యుడున్నాడు. మీది నిజంగా ఆగిపోయే ఉందో లేదో ఒకసారి తెరిచి చూసుకోండి. రెండోది అసలైనది. మీరు పంది తొక్కిందని పంట మొత్తం కోసేస్తున్నారు.

విండోస్‌కి వచ్చేవి రెండు రకాలు. నెలనెలా రెండో మంగళవారం వచ్చే కన్నాల పూడికలు, అంటే భద్రతా లోపాల్ని మూసేవి, ఒక రకం. వాటితో మీ స్టార్ట్ బటన్ కదలదు. వెర్షన్ మారడం ఇంకో రకం, 10 నుంచి 11కో, 22హెచ్2 లాంటి అంకె మారడమో. మనకి బాధ రెండో దానితో. కోపంలో రెండింటికీ కలిపి తలుపేస్తాం.

2017 మే గుర్తుందా, వాన్నాక్రై? ఫైళ్ళన్నీ తాళం వేసేసి బిట్‌కాయిన్లు అడిగింది. మన శ్రీకాకుళంతో సహా రాష్ట్రంలో కొన్ని జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలిందని అప్పుడు పేపర్లలో వచ్చింది. దానికి మందు మార్చిలోనే విడుదలైంది. రెండు నెలల ముందు. వేసుకున్నవాళ్ళు దాన్నుంచి బతికారు.

పలాస_జీడిపప్పు | ఉదయం 9.32

మేడమ్, నా మిషను నెట్టుకి కలపనే కలపను. మరి దానికేటి పట్టుద్ది?

నాగావళి_ఒడ్డు | ఉదయం 9.36

నెట్ లేకపోతే వేరే సంగతన్నా, ఆ మాట ముందే చెప్పాల్సింది. పెన్‌డ్రైవ్‌లు ఎవరివి పెడుతున్నారు?

పలాస_జీడిపప్పు | ఉదయం 9.50

ఆడిటరు గుమస్తాది.

ఆయ్, అర్థమైపోనాది లెండి.

చీపురుపల్లి_సర్వీస్ | ఉదయం 10.15

గంటస్తంభం గారూ, మేడమ్ చెప్పిన రెండో రకాన్ని మాత్రం ఆపే పద్ధతి ఇది. ఫోన్లో తెలుగు కీబోర్డు మీద కొడుతున్నా, స్పెల్లింగులు ఇంగ్లీషులో మీరు వేసుకోండి, మాటల మధ్య ఖాళీలు వద్దు.

ప్రో ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీ ఎడిటర్లో టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్ అని ఉంటుంది. మీది హోమ్, అందులో ఆ ఎడిటర్ లేదు. విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో పెట్టాలి. లోకల్ మెషిన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్, దాని కింద విండోస్‌అప్‌డేట్ అనే కీ లేకపోతే సృష్టించండి. అందులో మూడు వేల్యూలు. ప్రోడక్ట్‌వెర్షన్ అనే స్ట్రింగ్, దాని విలువ విండోస్ 10. ఈ ఒక్కచోట మాత్రం మాటకీ అంకెకీ మధ్య ఖాళీ ఉండాలి. టార్గెట్‌రిలీజ్‌వెర్షన్ అనే డీవర్డ్, విలువ 1. టార్గెట్‌రిలీజ్‌వెర్షన్‌ఇన్‌ఫో అనే స్ట్రింగ్, విలువ 22హెచ్2. విండోస్ 10లో ఆఖరి వెర్షన్ అదే. రీస్టార్ట్ చేస్తే చాలు, నెలనెలా వచ్చేవి వస్తాయి, 11 గడప దాటి రాదు.

రిజిస్ట్రీ అంటే భయమైతే ఇన్‌కంట్రోల్ అని చిన్న ప్రోగ్రాం ఉంది, స్టీవ్ గిబ్సన్ రాసింది, ఉచితం. ఇదే పని ఒక్క బటన్‌తో చేస్తుంది. 2016 గోలప్పుడు నెవర్10 రాసిందీ ఆయనే. దాన్ని ఆయన సొంత సైట్ జీఆర్‌సీ నుంచే దింపుకోండి. గూగుల్‌లో పైన కనిపించిన ప్రతి డౌన్‌లోడ్ బటన్ నొక్కితే అదింకో కథవుతుంది, దానికి నేను 800 కన్నా ఎక్కువే తీసుకుంటాను.

రాజాం_కుర్రోడు | ఉదయం 10.30

ఇంకో షార్ట్‌కట్ ఉందన్నా. విండోస్ కన్నా ముందు లేచే బయోస్‌లోకెళ్ళి టీపీఎం (తాళాలు దాచే భద్రతా చిప్పు) ఆపేస్తే మిషన్‌కి అర్హత పోతుంది, ఇక 11 ఇవ్వదు. టీపీఎం 2.0 లేకపోతే 11 కుదరదు కదా. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ.

నాగావళి_ఒడ్డు | ఉదయం 10.44

తెలివైన ఆలోచనే, అందులో గొయ్యి కూడా ఉంది. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటా మొత్తానికి తాళం) ఆన్‌లో ఉన్న మిషన్‌లో టీపీఎం ఆపితే మర్నాడు నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే డేటాకి నీళ్ళొదులుకోవడమే. అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మీద ఎన్‌క్రిప్షన్ ఉండే అవకాశం తక్కువే, కానీ ఇది చదివి ఎవరో కొత్త ల్యాప్‌టాప్ మీద చేస్తారు. అందుకే చెప్తున్నాను.

తెర్లాం_వీరుడు | ఉదయం 11.02

నెట్టు డేటా పొదుపుగా వాడమని చెప్పే మీటర్డ్ కనెక్షన్ పెట్టేస్తే పోదా? నేనదే చేశా.

చీపురుపల్లి_సర్వీస్ | ఉదయం 11.06

పెద్దవి దిగవు, నిజమే. చాలా పూడికలు కూడా దిగవు. డేటా తక్కువ ఉన్నవాళ్ళకి ఓకే, శాశ్వతంగా కాదు. పాజ్ బటన్ కూడా అంతే, 35 రోజులకి ఆగిపోతుంది, ఆ తర్వాత పెండింగ్ ఉన్నవి వేసుకుంటే గానీ మళ్ళీ పాజ్ చెయ్యనివ్వదు.

బొబ్బిలి_మాస్టారు | ఉదయం 11.30

ఒక అనుమానం. అక్టోబర్ 14తో విండోస్ 10కి పూడికలు ఆగిపోయాయి కదా. సిరిమానోత్సవం అయిన సరిగ్గా వారానికి, అందుకే నాకు తేదీ గుర్తు. మరి ఇంత చేసి ఆయన్ని తలుపుల్లేని ఇంట్లో కూర్చోబెడుతున్నామా?

నాగావళి_ఒడ్డు | ఉదయం 11.52

మంచి ప్రశ్న మాస్టారూ. ఇంటి కంప్యూటర్లకి ఇంకో ఏడాది పూడికలు ఇచ్చారు, ఈఎస్‌యూ (పొడిగించిన భద్రతా అప్‌డేట్లు) అంటారు. 2026 అక్టోబర్ 13 దాకా. 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వాలి. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అనే లింకు కనిపిస్తుంది. సెట్టింగులు బ్యాకప్ సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే వాళ్ళ రివార్డ్ పాయింట్లు 1,000, అవీ లేకపోతే 30 డాలర్లు.

సింక్ అనగానే చాలామంది కంగారు పడతారు. సెట్టింగులు వేరు, ఫైళ్ళు వేరు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ దాపు వన్‌డ్రైవ్ మాత్రం డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు కూడా పైకి పంపనా అని అడుగుతుంది, అక్కడ ఆ టిక్కులు తీసెయ్యండి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. నాన్నగారి కార్డుల ఫోల్డర్ దానికి రెండు రోజుల్లో నిండిపోయి, "చోటు లేదు, కొనుక్కోండి" అని ఇంకో నీలం బటన్ వస్తుంది. ఆయనకి ఉన్న నీలం బటన్లు చాలు.

ఏడాది తర్వాత ఏం చెయ్యాలన్నది నిజంగానే ఆలోచించుకోవాలి. నా సలహా, ఆ మిషన్‌ని అప్పుడు నెట్టునుంచి తీసేసి పేజ్‌మేకర్‌కే వదిలెయ్యండి. ప్రూఫులు పీడీఎఫ్ చేసి, సొంత పెన్‌డ్రైవ్‌తో ఇంకో మిషన్ మీదకి తెచ్చి పంపుకోవచ్చు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవి యూనికోడ్ (ఏ మిషన్‌లోనైనా కనిపించే అక్షరాల పద్ధతి) కావు, అవి తెరవాలన్నా ఆ పాత మిషనే కావాలి.

రాజాం_కుర్రోడు | మధ్యాహ్నం 12.10

మేడమ్, నా ల్యాప్‌టాప్ ఆల్రెడీ 11. అయినా రాత్రికి రాత్రి 23హెచ్2 నుంచి కొత్త వెర్షన్‌కి మారిపోయింది. నేనేమీ నొక్కలేదు, ఒట్టు.

నాగావళి_ఒడ్డు | మధ్యాహ్నం 12.18

నువ్వు చెప్పేది నిజమే. హోమ్‌లో 23హెచ్2కి గడువు నవంబర్ 11. గడువు దగ్గర పడిన వెర్షన్లని వాళ్ళే తోసేస్తారు, దానికి అడగరు. చీపురుపల్లి గారు చెప్పిన మూడు వేల్యూలు నీకూ పనిచేస్తాయి, అంకెలు మార్చి. కానీ గడువు అయిపోయిన వెర్షన్‌ని పట్టుకుని కూర్చుంటే పూడికలు రావు. నువ్వు కుర్రాడివి, నీకు డాంగిల్ లేదు, వెళ్ళిపో.

గంటస్తంభం | సాయంత్రం 5.25

అందరికీ దణ్ణాలు. వెనక్కి వచ్చేసింది. ముప్పావుగంట పట్టింది. మధ్యలో 64 శాతం దగ్గర చాలాసేపు ఆగింది, నాన్న ఆ కాసేపూ కుర్చీ మీద కూర్చోలేదు. డాంగిల్ లైటు వెలగగానే అమ్మని పిలిచి చూపించారు. ప్రింటర్ ఒకసారి కాగితం నలిపింది, అది దాని అలవాటు.

మూడు వేల్యూలూ పెట్టాను. ప్రోడక్ట్‌వెర్షన్‌లో మొదట ఖాళీ మరిచిపోయాను, మీరు రాసింది మళ్ళీ చదివి దిద్దాను. ఈఎస్‌యూ కూడా అయింది. రాత్రి బండికి విశాఖ వెళ్ళిపోతాను. నాన్న ఫోన్లో నా లాగిన్ పెట్టి ఇస్తున్నాను, ఏదైనా వస్తే ఇక్కడే అడుగుతారు.

పలాస_జీడిపప్పు | సాయంత్రం 5.40

సుభం. నాదీ తెరిచి సూసినాను. మేడమ్ సెప్పినట్టే ఆ సర్వీసు లేచి కూకుని ఉంది. రెండేళ్ళ నుంచి నాను ఆపీసినాననే అనుకుంటన్నాను.

గంటస్తంభం | నవంబర్ 10, ఉదయం 7.15

నేను వాడి నాన్నను. ఫోనులో కొడుతున్నాను, ఈ కీబోర్డు నాకు పడదు, తప్పులు మన్నించాలి. సిస్టం ఆన్ చేయగానే మళ్ళీ స్క్రీను నిండా వచ్చింది. నీలం బటన్ ఉన్నది. నొక్కలేదు. కళ్ళజోడు పెట్టుకున్నాను. కింద చిన్న అక్షరాలు రెండు వరుసలు ఉన్నవి. ఏమి చేయవలెను.

చీపురుపల్లి_సర్వీస్ | ఉదయం 7.19

నమస్తే బాబాయ్. కంగారు లేదు. ఆ చిన్న అక్షరాల్లో మూడు రోజుల్లో గుర్తు చెయ్యి అనో, ఇప్పటికి వద్దు అనో ఉంటుంది. అది నొక్కండి. నీలం వద్దు.

గంటస్తంభం | ఉదయం 7.24

నొక్కాను. పోయింది. వాడు రిజిస్ట్రీలో ఏదో పెట్టి ఇక రాదు అన్నాడే.

నాగావళి_ఒడ్డు | ఉదయం 7.31

గురువుగారూ, మీ అబ్బాయి చేసింది సరిగ్గానే ఉంది. ఇది అప్‌డేట్ కాదు, ప్రకటన. అది వేరే తలుపు. సెట్టింగ్స్, సిస్టమ్, నోటిఫికేషన్స్ లోకి వెళ్ళండి. మీ పరికరం సెటప్ పూర్తి చేసుకునే మార్గాలు సూచించు అన్న చోటా, వెల్‌కమ్ ఎక్స్‌పీరియన్స్ చూపించు అన్న చోటా టిక్కులుంటాయి. రెండూ తీసెయ్యండి.

గంటస్తంభం | ఉదయం 7.58

తీసితిని. మూడో టిక్కు కూడా ఒకటి ఉన్నది, చిట్కాలు ఇస్తాం అని. అది కూడా తీసితిని. వాళ్ళ చిట్కాలు నాకు వద్దు.

అమ్మా, మీది శ్రీకాకుళం అన్నారు. అక్కడ మన దగ్గర కార్డులు చేయించినవారు చాలామంది ఉన్నారు. మీ ఇంట ఏదైనా శుభకార్యం ఉన్న తెలియజేయగలరు. డబ్బు తీసుకోను.